సీ లిల్లీ శిలాజాలు: ఏ చోటిది ఎంచుకోవాలి, ఎలాంటి ముక్క తీసుకోవాలి

సీ లిల్లీ శిలాజం కొనబోయేవాళ్ల చూపు ముందుగా పెద్ద పలక మీదికే పోతుంది. వంకర్లు తిరిగిన కాడలు, విచ్చుకున్న తలలు, అన్నీ కలిసి గోడంత రాయి నిండా పరుచుకుని ఉంటే, పక్కన చిన్న పెట్టెలో ఉన్న రెండంగుళాల తల ఎవరి కంట పడుతుంది? అయితే ఈ శిలాజాల్లో పెద్దవన్నీ మంచివి కావు, పూర్తిగా కనిపించేవన్నీ పూర్తివీ కావు. బేరానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇందులో అసలు జంతువెంత, మనిషి చేతిపని ఎంత? ఆ లెక్కన చూస్తే చాలాసార్లు రెండంగుళాల తలే గెలుస్తుంది. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్క పట్టుకునే చేశాను.

పేరులో లిల్లీ ఉన్నా ఇది జంతువే. నక్షత్ర చేపలకూ సీ అర్చిన్లకూ దగ్గరి బంధువు. శాస్త్రవేత్తలు క్రినాయిడ్ అంటారు. సముద్రం అడుగున కాడ మీద నిలబడి, చేతులు చాచి, ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండి రేణువులను పట్టుకు తింటుంది. ఆర్డోవిషియన్ యుగం నుంచీ, అంటే దాదాపు 48 కోట్ల ఏళ్లుగా ఈ వంశం నడుస్తోంది. కాడ ఉన్నవి ఇప్పటికీ లోతు సముద్రాల్లో బతుకుతున్నాయి. 2005లో ఒక సీ లిల్లీ చేతులతో పాకుతూ, కాడను వెనకే ఈడ్చుకుంటూ పోతున్న వీడియోను పరిశోధకులు బయటపెట్టారు. నాటిన చోటే ఉండిపోతుందని అంతకుముందు చాలామంది అనుకునేవారు.

పూర్తి తల ఎందుకంత అరుదు

సీ లిల్లీ ఒళ్లంతా వందలు, వేల చిన్నచిన్న కాల్సైట్ పలకలతో కట్టిన కట్టడం. కాడలో బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పైన గిన్నె. గిన్నె అంచు నుంచి చేతులు, వాటికి రెండు పక్కలా పిన్యూల్స్ అనే సన్నటి రెమ్మలు. గిన్నె, చేతులు కలిస్తే తల. వీటన్నిటినీ పట్టి ఉంచేది మెత్తటి కణజాలం. జంతువు చచ్చాక కొద్ది రోజుల్లోనే అది కుళ్లిపోతుంది. ఇక బిళ్లలన్నీ తెగిన దండలోని పూసల్లా చెల్లాచెదురవుతాయి. అందుకే విడి బిళ్లలు లెక్కలేనన్ని దొరుకుతాయి. కొన్ని సున్నపురాళ్లలో సగానికి పైగా అవే. తల, చేతులు, పిన్యూల్స్ అన్నీ ఉన్నచోటనే ఉండిపోవాలంటే జంతువు బతికుండగానో, చచ్చిన వెంటనేనో ఒండ్రు మీద పడి కప్పెయ్యాలి.

అంటే మంచి సీ లిల్లీలు దొరికే ప్రతి చోటా ఒకప్పుడు ఒక ఉపద్రవం జరిగిందన్నమాట. ఎలాంటి బురద కప్పింది, తర్వాత రాయిలో ఏ ఖనిజం చేరింది అన్నదాన్ని బట్టి ఆ చోటి శిలాజాల రంగు, మందం, చూపు, చివరికి ఇంట్లో దాచాల్సిన పద్ధతి కూడా మారిపోతాయి. జాతి పేరు చూసి కొనడం కన్నా చోటు చూసి కొనడం మేలని నేననేది ఇందుకే.

కొనేవాళ్లకు బాగా పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. సీ లిల్లీ శరీరంలో ప్రతి పలకా, ప్రతి బిళ్లా ఒక్కో కాల్సైట్ స్ఫటికం. బతికున్నప్పుడు అందులో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. రాయిలో పడ్డాక ఆ రంధ్రాల్లోనూ కాల్సైట్ నిండి, స్ఫటికం గట్టిపడుతుంది. విరిగిన బిళ్ల ఒకటి తీసుకుని దీపం కింద మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర విరిగిన ముఖం మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది, మరుక్షణం ఆరిపోతుంది. ఇంకాస్త తిప్పితే పక్క పలక వెలుగుతుంది. ప్లాస్టర్ అలా మెరవదు, రెజిన్ మెరవదు, రాతిపొడి కలిపిన జిగురూ మెరవదు. పది రెట్ల భూతద్దం, ఒక చిన్న టార్చి జేబులో ఉంటే సగం మోసాలు అక్కడికక్కడే బయటపడతాయి.

క్రాఫోర్డ్స్‌విల్ తలా, మొరాకో పలకా

ఎక్కువమంది తేల్చుకోలేక ఆగేది ఈ రెండింటి మధ్యే. కాబట్టి వీటిని కాస్త నిదానంగా చూద్దాం.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉంది క్రాఫోర్డ్స్‌విల్. అక్కడి శిలాజాలు మిస్సిసిపియన్ కాలానివి, సుమారు 34 కోట్ల ఏళ్లవి. పందొమ్మిదో శతాబ్దం నుంచే అక్కడ తవ్వకాలు సాగాయి. అరవైకి పైగా జాతులు దొరికాయి. చుట్టూ ఉండేది బూడిదరంగు సిల్ట్‌స్టోన్, అంటే సన్నటి ఒండ్రు గట్టిపడిన రాయి. శిలాజం కన్నా అది మెత్తన కావడమే ఆ ఊరికి పట్టిన అదృష్టం. గాలితో సన్నటి పొడిని చిమ్మే యంత్రం పెడితే రాయి పోతుంది, జంతువు మిగులుతుంది. చేతుల మధ్య సందుల్లో ఉన్న రాయిని కూడా అలా తీసేయగలరు. నలిగి చదునైపోకుండా, నిండుగా, నాలుగు పక్కల నుంచీ చూడదగ్గట్టు నిలబడ్డ సీ లిల్లీ కావాలంటే దీనికి సాటి వచ్చే చోట్లు చాలా తక్కువ.

ఆ నిండుదనం ఎలాంటిదో ఒక తలను దగ్గర పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. గిన్నె అడుగున కాడ అతికిన చోట చిన్న పలకల వరస, దాని మీద ఇంకొంచెం పెద్ద పలకల వరస, ఆపైన చేయి మొదలయ్యే పలక. చేయి కొంత దూరం పోయి రెండుగా చీలుతుంది. చీలిన చోట ఉండే పలకకు పైన రెండు వాలు ముఖాలు ఉంటాయి, ఇంటి పైకప్పు వాటంలో. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ పలకలు చిన్నవై, పక్కల నుంచి పిన్యూల్స్ వస్తాయి. భూతద్దంలో ఒక్కో పిన్యూల్‌లో కూడా కీళ్లు కనిపిస్తాయి. మనిషి చెక్కిన నకిలీలో ఇక్కడిదాకా ఓపిక ఉండదు. గీతలు గీసి వదిలేస్తారు.

ఈ ఊరి శిలాజాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేవి నత్తతో సహా దొరికే ప్లాటిక్రినైటిస్ తలలు. ప్లాటిసెరస్ అనే నత్త సీ లిల్లీ నెత్తిన, సరిగ్గా మలద్వారం మీద కూర్చుని, అందులోంచి వచ్చేది తింటూ బతికేది. రెండూ ఒకేసారి బురదలో పూడుకుపోయాయి. అందంగా చెప్పుకోవడానికి ఇబ్బందైన కాపురమే గానీ, 34 కోట్ల ఏళ్ల కిందటి ఇద్దరి సంబంధం ఒక్క రాయిలో కనబడటం మామూలు సంగతి కాదు.

క్రాఫోర్డ్స్‌విల్‌లోనూ జాగ్రత్త అవసరమే. రాయి పగిలి రెండు మూడు ముక్కలుగా బయటికొస్తుంది, అతికిస్తారు. అది తప్పేమీ కాదు. తప్పెక్కడంటే, ఒక జంతువు తలకు ఇంకో జంతువు కాడ తగిలించడం, ఖాళీ రాయి మీద వేరేచోటి తలను తెచ్చి పొదగడం. కాడ తలలో కలిసే చోట బిళ్లల వెడల్పు హఠాత్తుగా మారుతోందా, జంతువు చుట్టూ రాతి రంగులో సన్నటి గీత గుండ్రంగా తిరిగి వస్తోందా చూడండి. అలాంటి గీత ఉందంటే ఆ ముక్క తర్వాత వచ్చి చేరిందే.

ఇక మొరాకో. ఎర్ఫూద్ పరిసరాల నుంచి వచ్చే పెద్ద పలకల్లో ఎక్కువగా ఉండేది స్కైఫోక్రినైటిస్. సిలూరియన్ కాలం ముగిసి డెవోనియన్ మొదలయ్యే సంధికాలానిది, దాదాపు 42 కోట్ల ఏళ్లది. కాడ చివర లోబోలిత్ అనే బోలు ఉండ ఉండేది. లోపల గదులుగా విడిపోయి ఉంటుంది. దాంతో నీటిలో తేలుతూ తలకిందులుగా వేలాడేదని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. మెత్తటి బురదలో కూరుకుపోకుండా ఆపే లంగరు అది అన్నవాళ్లూ ఉన్నారు. జీవి మాత్రం అద్భుతమైనది. ఒక్కో తల అరచేతికి మించి ఉంటుంది. గుంపులుగా దొరుకుతాయి కాబట్టి ఇంత పెద్ద సీ లిల్లీ పలకలు ఇంకెక్కడినుంచీ ఇంత సులభంగా రావు.

అమ్మకం దాకా వచ్చేసరికే చిక్కు. రాయి మెత్తటిది కాదు, పగుళ్లు ఎక్కువ. పలక ముక్కలుగా వస్తుంది. వెనక ప్లాస్టరో, సిమెంటో పోసి నిలబెడతారు. పోయిన కాడల్ని చెక్కి పూరిస్తారు. చేతుల మధ్య గీతల్ని పదునుగా గీస్తారు. పైన గోధుమరంగో నలుపో పూసి అంతా ఒకేలా కనిపించేట్టు చేస్తారు. కొన్ని పలకల్లో సగం అసలు, సగం శిల్పం. కాడ ఒకటి ఎక్కడో మొదలై చక్కగా వంపు తిరిగి, రాతి అంచుకు చేరకుండానే ఆగిపోతే అనుమానించాలి. కాడ పొడవునా భూతద్దం పెట్టి జరుపుకుంటూ పొండి. అసలు భాగంలో బిళ్లల మధ్య కీళ్లు ఒకే రకంగా ఉండవు, కొన్ని బిళ్లలు పలచన, కొన్ని మందం, అక్కడక్కడ ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. చెక్కిన భాగంలో గీతలన్నీ ఒకే దూరంలో, ఒకే లోతులో ఉంటాయి. అసలు నుంచి నకిలీకి మారిన చోటును వేలితో కూడా పట్టొచ్చు, పూసిన చోట వేలికి రాయి చల్లదనం తగలదు.

దూదికి అసిటోన్ అద్ది మూలన రుద్దితే రంగు ఊడి వస్తుంది. ముందు అమ్మేవాళ్ల అనుమతి తీసుకోండి. రుద్దినప్పుడు మెరుపు పోయినంత మాత్రాన నకిలీ అనేయకూడదు. శిలాజం పొడిరాలకుండా పూసే గట్టిపరిచే ద్రావణం కూడా అసిటోన్‌లో కరుగుతుంది. దూదికి అంటింది రంగా, పారదర్శకమైన జిగురా అన్నదే చూడాలి. ఆమ్లం చుక్క వేసి చూడమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. సీ లిల్లీ ఒళ్లే కాల్సైట్, ఆమ్లం దాన్నే తినేస్తుంది.

మరి రెండిట్లో ఏది? హాలు గోడకు అలంకారం కావాలనుకుంటే, బాగుచేసిన భాగాలేవో అమ్మేవాళ్లు నిజాయితీగా చెబితే, మొరాకో పలక తీసుకోవచ్చు. అందులో తప్పులేదు. జంతువును చూడాలనుకుంటే క్రాఫోర్డ్స్‌విల్‌దే. మొరాకోదే కావాలి, అయినా అసలుదే కావాలి అంటే దారి ఒకటుంది. పెద్ద పలక వద్దు, ఒక్క తల ఉన్న చిన్న ముక్క, వీలైతే శుభ్రం చేయనిది, రాయి ఇంకా అంటుకుని ఉన్నది అడగండి. విడి లోబోలిత్ ఒకటి దొరికితే ఇంకా మంచిది. పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ ఈ జీవిలోని అసలు వింత అదే.

పైరైట్ పట్టినవి: మెరుపు ఉంది, మెలికా ఉంది

జర్మనీలో బుండెన్‌బాక్ చుట్టుపక్కల ఉన్న హున్స్‌రూక్ నల్లపలకల్లోని సీ లిల్లీలు దాదాపు 40 కోట్ల ఏళ్లవి, డెవోనియన్ కాలపు తొలినాళ్లవి. ఇంటి పైకప్పుల కోసం తవ్విన పలకల్లో ఇవి బయటపడుతూ వచ్చాయి. శరీరంలో కొంతభాగం పైరైట్‌గా, అంటే ఇనుము, గంధకం కలిసిన బంగారు మెరుపు ఖనిజంగా మారింది. దాంతో ఎక్స్‌రే తీస్తే రాయి చెక్కకుండానే జంతువు ఆకారం కనబడుతుంది. విల్‌హెల్మ్ స్టుర్మర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలా వందలాది పలకల్ని ఎక్స్‌రే తీసి, ఈ చోటికి కొత్త పేరు తెచ్చాడు. సన్నటి చేతులు నల్లరాతి మీద బంగారు గీతల్లా పరుచుకుని ఉంటాయి. చదునుగా నలిగి ఉంటాయి కాబట్టి క్రాఫోర్డ్స్‌విల్ నిండుదనం ఆశించకూడదు. కానీ గీత సన్నదనంలో దీన్ని మించింది లేదు. గనులు దాదాపుగా మూతపడ్డాయి, కొత్త సరుకు అరుదు. పాత సేకరణల నుంచి చేతులు మారేవే ఎక్కువ.

ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్, చార్మత్ తీరాల్లో దొరికే పెంటాక్రినైటిస్ జురాసిక్ కాలానిది. దీని కాడ బిళ్లలు అయిదు మూలల నక్షత్రాలు. తేలుతున్న దుంగలకు వేలాడుతూ బతికి, దుంగ మునిగినప్పుడు దాంతోపాటే అడుగుకు చేరింది. కొన్ని ముక్కల్లో బొగ్గుగా మారిన ఆ దుంగ కూడా పక్కనే ఉంటుంది. పైరైట్ వల్ల పాత ఇత్తడి రంగు. ఆ తీరంలో సేకరణకు ఒక నియమావళి ఉంది, శాస్త్రానికి ముఖ్యమైనవి దొరికితే నమోదు చేయించాలి.

దీని బంధువే జర్మనీ హోల్జ్‌మాడెన్‌లోని సైరోక్రైనస్, సుమారు 18 కోట్ల ఏళ్లది. దీనికీ దుంగల జీవితమే. అక్కడి హాఫ్ మ్యూజియంలో ఒక దుంగ, దానికి వేలాడిన సీ లిల్లీల గుంపు మొత్తం ఒకే పలక మీద ఉంది. పొడవు 18 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. సీ లిల్లీ పలకల్లో అందం అంటే ఏమిటో కొలవడానికి నాకు తెలిసిన గీటురాయి అదే. ఇంటికి తెచ్చుకునేది కాదు, వెళ్లి చూసి రావాల్సింది. హోల్జ్‌మాడెన్ ఇప్పుడు రక్షిత తవ్వకాల ప్రాంతం.

ఈ మూడు చోట్ల నుంచి ఏది కొన్నా పైరైట్‌తో ఒక పేచీ ఉంది. తేమ తగిలితే పైరైట్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చితికిపోతుంది, గంధకపు ఆమ్లం పుడుతుంది. ముందుగా గంధకపు వాసన, తర్వాత తెల్లని లేదా పసుపు పొడి, ఆపైన పగుళ్లు. ఒకసారి మొదలైతే వెనక్కి తిప్పలేం, వేగం తగ్గించగలం అంతే. గాలిలో తేమ 50 శాతానికి మించి ఉండే ఇంట్లో మూతబిగువు పెట్టె, అందులో సిలికా జెల్ తప్పనిసరి. జెల్‌ను క్రమం తప్పకుండా వేడిచేసి ఆరబెట్టే ఓపిక లేనివాళ్లు పైరైట్ జోలికి పోకపోవడం మంచిది. కొనేముందు పెట్టె మూత తీసి వాసన చూడటం సిగ్గుపడాల్సిన పని కాదు.

చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు

జర్మనీ సోల్న్‌హోఫెన్ సున్నపు పలకల్లో దొరికే సాకోకోమా 15 కోట్ల ఏళ్ల నాటిది. కాడ లేదు. నాణెమంత శరీరం, ముడుచుకున్న చేతులు. ఆ రాళ్లలో ఎక్కువగా కనిపించే శిలాజాల్లో ఇదొకటి, అందుకే అందుబాటులో ఉంటుంది. వివరాలు అంతగా ఉండవు, స్ఫటికం పెరిగి గిన్నె పలకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కానీ పూర్తి జంతువు, సహజమైన పలక మీద, ఎలాంటి అతుకూ లేకుండా దొరుకుతుంది. మొదటి కొనుగోలుకు నా ఓటు దీనికే. గీతల్ని స్పష్టం చేయడానికి పెన్సిలో రంగో వాడారేమో ఒకసారి చూసుకోండి.

ఎంక్రైనస్ లిలిఫార్మిస్ కాస్త పెద్ద కోరిక. జర్మనీలోని ముషెల్‌కాల్క్ సున్నపురాయిలో దొరుకుతుంది, దాదాపు 24 కోట్ల ఏళ్లది. పది చేతులూ దగ్గరికి ముడుచుకుని, విచ్చుకోబోయే మొగ్గ ఆకారంలో, మందంగా, గట్టిగా ఉంటుంది. చేతులు బలమైనవి కాబట్టి నలిగిపోవడం తక్కువ. ఒకే ఒక్క సీ లిల్లీ తీసుకుని బల్లమీద పెట్టుకుని జీవితాంతం చూసుకోవాలనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. దీని కాడ బిళ్లలు విడిగా కూడా కుప్పలుగా దొరుకుతాయి, అంచు చుట్టూ సూర్యకిరణాల్లాంటి గీతలతో.

బిళ్లల్ని తక్కువగా చూడొద్దు. ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ దీవి తీరంలో దొరికే బిళ్లల్ని సెయింట్ కత్‌బర్ట్ పూసలని పిలిచి, జపమాలలుగా గుచ్చుకున్నారు. వీటిలో మోసం దాదాపు ఉండదు. గుండ్రటివి, అయిదు మూలలవి, కోడిగుడ్డు ఆకారంవి, మధ్యలో నక్షత్రాకారపు రంధ్రం ఉన్నవి అన్నీ ఒక పెట్టెలో వరసపెట్టుకుంటే కాడలు ఎలా వంగేవో, ఎలా మెలితిరిగేవో చేతికి తెలుస్తుంది. ప్లాటిక్రినైటిస్ బిళ్లలు కొన్ని దొరికితే వాటి రెండు ముఖాలూ చూడండి. పై ముఖంలోని పొడుగు గీత, కింది ముఖంలోని గీత ఒకే దిశలో ఉండవు. అలాంటివి పేరిస్తే కాడ మొత్తం మెలితిరిగిన తాడవుతుంది. తర్వాత పెద్ద ముక్క కొనేటప్పుడు, ఆ కాడ ఆ తలదేనా కాదా అన్న అనుమానం తీర్చేది ఈ బిళ్లలే.

రంగు కోసమైతే

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో లె గ్రాండ్ అని ఒక చోటుంది. అక్కడి పలకల్లో ఒకే రాయి మీద వేర్వేరు జాతుల సీ లిల్లీలు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. ఒకటి లేత పాలరంగు, పక్కది ముదురు బూడిద. రాయి ఒకటే, పూడ్చిన బురద ఒకటే, మరి రంగులెందుకు వేరు? మిస్సిసిపియన్ కాలపు ఇలాంటి సీ లిల్లీల్లో జాతినిబట్టి మారే సేంద్రియ అణువులు ఇంకా మిగిలే ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపించింది. రంగు పూసి జాతుల్ని వేరుచేసే మోసగాళ్లు ఇంకా పుట్టలేదనుకుంటా, కానీ లె గ్రాండ్ పేరు చెప్పి అమ్మే ముక్క తీసుకునేటప్పుడు పాత సేకరణ చీటీ అడగడం మంచిది. ఇవి బయట తక్కువగా తిరుగుతాయి.

అదే రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చార్లెస్ వాక్స్‌మత్, ఫ్రాంక్ స్ప్రింగర్ కలిసి పోగుచేసిన సీ లిల్లీలు ఆ రోజుల్లో ప్రపంచంలోనే గొప్ప సేకరణల్లో ఒకటి. స్ప్రింగర్ వృత్తిరీత్యా న్యాయవాది. 1911లో సేకరణను స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చేశాడు. బర్లింగ్టన్ సున్నపురాయిలో చేతులు పోయి గిన్నెలు మాత్రమే మిగలడం ఎక్కువ. గిన్నె పలకల అమరిక చూసి జాతి గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు చేతుల్లేని ఆ గిన్నెలే మేలైన పాఠ్యపుస్తకం, చేతులు అడ్డురావు.

వద్దని చెప్పేవి

చైనాలోని గ్వాన్‌లింగ్ నుంచి వచ్చే ట్రామటోక్రైనస్ పలకలు ట్రయాసిక్ కాలానివి. నల్లరాతి మీద నిలువెత్తు గుంపులు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇవీ దుంగలకు వేలాడినవే. అయితే 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా శిలాజ రక్షణ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటివి దేశం దాటకూడదు. కాగితాలు చూపించలేనివాళ్ల దగ్గర కొనొద్దు. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి వచ్చే పెర్మియన్ కాలపు జింబాక్రైనస్ కూడా ఇంతే, 1986 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం కింద ఎగుమతి అనుమతి ఉండాలి. ఉంటే నిస్సందేహంగా తీసుకోండి, బలమైన చేతులతో ముచ్చటైన జీవి. అమెరికాలోని కాన్సస్ సుద్దరాళ్లలో కాడ లేని యుయింటాక్రైనస్ గుంపులు దొరికాయి, మంచివన్నీ మ్యూజియాల్లోనే ఉన్నాయి.

తల చాలా, కాడ కూడా కావాలా

తల బాగుంటే కాడ నాలుగు బిళ్లలున్నా చాలు. కాడ పొడుగు చూసి ధర పెంచుతారు, సరిగ్గా అక్కడే అతుకుల పని ఎక్కువ. జంతువు వేరు, అంటే కాడ చివర నేలను పట్టుకునే భాగం, తలతో కలిసి ఉన్నది దొరికితే మాత్రం అది వేరే సంగతి. అసలైతే అది చాలా అరుదు. అరుదైనదాన్ని మామూలు ధరకు ఎవరూ ఇవ్వరు.

ఒక్కటి ఉన్న పలకా, గుంపు ఉన్న పలకా అంటే గుంపులో కథ ఎక్కువ. తలలన్నీ ఒకే వైపు పడి ఉంటే ఆ రోజు ప్రవాహం ఎటు కొట్టిందో తెలుస్తుంది. తలలు నలుమూలలా, చూడ్డానికి ముచ్చటగా, ఒకదాన్నొకటి తాకకుండా సర్దినట్టుంటే చేసింది ప్రకృతి కాకపోవచ్చు. నిజమైన పలకల మీద ఒకదానిపై ఒకటి పడి, ఒకదాని చేయి ఇంకొకదాని కింద నలిగి ఉంటాయి. కొంచెం గజిబిజిగా ఉన్నదే నమ్మదగింది.

చెక్కి శుభ్రం చేసినదా, చెయ్యనిదా? శుభ్రం చేసే పని మీకు రాకపోతే చేసిందే కొనండి. సిల్ట్‌స్టోన్‌లో పిన్యూల్స్‌ని సూదితో గీకి బయటికి తీయబోతే రాయితోపాటు అవీ లేచిపోతాయి. చెయ్యనిది కొనడంలో లాభం ఒకటే, లోపల ఏదైనా దాచిపెట్టే అవకాశం ఎవరికీ ఉండదు.

మంచి అచ్చు, అంటే అసలు శిలాజం నుంచి రెజిన్‌తో పోసిన నకలు, మరీ అంత తీసివేయాల్సింది కాదు. నకలని చెప్పి అమ్మితే మ్యూజియం స్థాయి సీ లిల్లీ ఇంట్లో చూసుకోవచ్చు. నకలుకు రంగు వేయొచ్చు, దానికి ఎవరూ తప్పుపట్టరు. నాకైతే సగం చెక్కిన అసలు పలక కన్నా పూర్తి నిజాయితీ ఉన్న నకలే ఎక్కువ ఇష్టం.

ఇంటికొచ్చాక

అతినీల టార్చి ఉంటే చీకటి గదిలో శిలాజం మీద వేసి చూడండి. జిగురు, పూడిక పెట్టిన చోట్లు రాయికంటే వేరుగా వెలుగుతాయి. కొనేముందు కుదరకపోతే కొన్నాకైనా చూసి, కనబడ్డది చీటీ మీద రాసి పెట్టుకోండి. చోటు పేరు, రాతి పొర పేరు, కాలం, ఎవరు శుభ్రం చేశారు, ఎక్కడెక్కడ అతుకుంది. ఈ చీటీ లేని ముక్క తర్వాత ఎవరికిచ్చినా సగం విలువే. చీటీ పోయే ప్రమాదం ఉంది కాబట్టి వెనక రాతి మీద చిన్న అంకె ఒకటి వేసుకుంటే మంచిది.

దుమ్ము పడితే మెత్తటి బ్రష్షు చాలు, నీళ్లు అవసరం లేదు. పైరైట్ ముక్కలకైతే నీళ్లు అసలే తగలనివ్వకూడదు. పిన్యూల్స్ దగ్గర బ్రష్షు చేతి మొదలు నుంచి చివరికే కదలాలి, ఎదురు తోస్తే చివర్లు విరిగిపోతాయి. చెక్క అల్మరాల్లో, ముఖ్యంగా ఓక్ చెక్కతో చేసినవాటిలో, కాల్సైట్ శిలాజాలు పెట్టకండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ఏళ్ల తరబడి కాల్సైట్ మీద తెల్లటి పొరను పేరుస్తుంది. లోహపు డ్రాయర్లు, ఆమ్లం లేని అట్ట పెట్టెలు చౌకగానే దొరుకుతాయి. పైరైట్ ముక్కల్నీ కాల్సైట్ ముక్కల్నీ ఒకే డ్రాయర్‌లో పక్కపక్కన పెట్టొద్దు.